మా దగ్గర బాగానే వస్తాంది సార్: మెయిల్ సిగ్నేచర్లో లింకులు చెడిపోయే కథ

తాడిపత్రిలో ఒక బండల ఫ్యాక్టరీ అనుకుందాం. బెంగళూరులో ఇండ్లు కట్టే కాంట్రాక్టరుకి నాపరాళ్ల రేట్లు మెయిల్లో పోయినాయి, కింద సిగ్నేచర్లో ఫ్యాక్టరీ పేరు, ఫోన్ నంబరు, వెబ్‌సైటు, వాట్సాప్, మ్యాపు అన్నీ నీలం రంగులో నీట్‌గా ఉండాయి. అవతలాయన వెబ్‌సైటు మీద నొక్కితే ఏమీ రాలేదు. ఫోన్ చేసి "సార్, మీ సైట్ ఓపెన్ కాలేదు" అంటాడు, ఇక్కడ ఆఫీసులో కూర్చున్న పిల్లోడు తను పంపిన మెయిల్ తెరిచి అదే లింకు నొక్కి చూసి "మా దగ్గర బాగానే వస్తాంది సార్, మీ నెట్ ఒకసారి చూసుకోండి" అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. అదే ఈ సమస్యలో అసలు తిరకాసు, ఎందుకంటే సిగ్నేచర్ లింకు అనేది పంపినోళ్ల సిస్టంలో పనిచేస్తే సరిపోయే వస్తువు కాదు, పంపినోళ్ల సిస్టంలో అది పనిచేయడానికి వేరే కారణాలు బోలెడు ఉంటాయి, ఆ కారణాలు ఏవీ అవతలోళ్ల దగ్గర ఉండవు.

ముందు ఒక చిన్న విషయం. మెయిల్లో లింకు అంటే ఒకటి కాదు, రెండు. కళ్లకి కనిపించే మాట ఒకటి, దాని కింద దాక్కున్న అడ్రసు ఒకటి. బస్సు బోర్డు మీద ప్రొద్దుటూరు అని రాసి ఉంటాది, డ్రైవరేమో జమ్మలమడుగు రూట్లో పోతాంటాడు, బోర్డు మార్చినంత మాత్రాన రూటు మారదు కదా. సిగ్నేచర్లో జరిగేది ఇదే. ఆఫీసులో కొత్తగా చేరినాయన పాత ఉద్యోగి సిగ్నేచర్ కాపీ కొట్టి పేరు, నంబరు, మెయిల్ ఐడీ మీద టైప్ చేసి మార్చేస్తాడు, పైన కనిపించే మాటలు మాత్రం మారతాయి, కింద ఉన్న అడ్రసులు పాత మనిషివే ఉండిపోతాయి. చూడ్డానికి కొత్తాయన మెయిల్ ఐడీనే, నొక్కితే ఉద్యోగం మానేసి రెండేండ్లయిన మనిషి ఐడీకి మెయిల్ తయారవుతాది. ఇట్లాంటి సిగ్నేచర్లు ఒక్కో ఆఫీసులో నాలుగైదు తరాలు నడుస్తాయి, మొదట ఎవరు తయారు చేసినారో కూడా ఎవరికీ గుర్తుండదు.

కనుక్కోవడం కష్టం కాదు. లింకు మీద మౌస్ రైట్ క్లిక్ కొట్టి కాపీ లింక్ అడ్రస్ అని ఉంటాది, అది నొక్కి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే కింద దాక్కున్నది బయటపడతాది. ఫోన్లో అయితే లింకు మీద వేలు పెట్టి అట్లే పట్టుకుంటే వస్తాది. సగం సమస్యలు ఈ నోట్‌ప్యాడ్ దగ్గరే తేలిపోతాయి, దీన్ని వదిలేసి యాంటీవైరస్ తీసేయడం, బ్రౌజర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, రౌటర్ ఆపి ఆన్ చేయడం దాకా పోతారు గానీ ఈ ఒక్క పని చేయరు.

నోట్‌ప్యాడ్‌లో పడిన అడ్రసులో మొదట చూడాల్సింది ముందు భాగం. హెచ్‌టీటీపీఎస్, కోలన్, రెండు స్లాష్‌లు, ఇవి ఉన్నాయా లేదా. బ్రౌజర్లో పైన అడ్రస్ బార్‌లో ఉత్త డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ కొట్టినా, అది కూడా లేకుండా పేరు కొట్టినా సైట్ వచ్చేస్తాది, ఎందుకంటే బ్రౌజరే మిగతాది తగిలించుకుంటాది, ఆ అలవాటుతో మెయిల్లో కూడా ముందర భాగం అక్కర్లేదు అనుకుంటారు. మెయిల్లో లింకు కింద ఆ ముందర భాగం లేకపోతే అది పూర్తి అడ్రసు కింద లెక్క రాదు, సగం అడ్రసు కింద లెక్క వస్తాది. అంటే "ఇప్పుడు నువ్వు ఎక్కడ ఉన్నావో అక్కడినుంచి ఈ దారిన పో" అని చెప్పినట్టు. ఒక మెయిల్ సాఫ్ట్‌వేర్ దాన్ని తన సొంత అడ్రసు వెనకాల అంటించి ఎక్కడికో పంపిస్తాది, ఇంకోటి అసలు లింకే కాదని వదిలేస్తాది, ఇంకోటి దయతలచి సరిచేస్తాది. జీమెయిల్‌లో లింక్ బటన్ వాడి పెడితే ముందర భాగం అదే తగిలించుకుంటాది కాబట్టి గొడవ రాదు, కానీ వేరే ఎక్కడో తయారు చేసిన సిగ్నేచర్ తెచ్చి పేస్ట్ చేస్తే ఆ సాయం ఉండదు. సరిచేసే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి సమస్య కనపడదు, అందుకే పదిమందికి పంపితే ముగ్గురే కంప్లయింట్ చేస్తారు, ఆ ముగ్గురి నెట్ బాగలేదని తేల్చేస్తారు.

ఇంకో రకం మరీ విచిత్రం. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే అడ్రసు ఫైల్ అని మొదలై మూడు స్లాష్‌లు, సీ డ్రైవు, యూజర్స్, డెస్క్‌టాప్, బ్రోచర్ పీడీఎఫ్ అని వస్తాది. వర్డ్‌లో సిగ్నేచర్ తయారు చేసి, బ్రోచర్‌కి లింకు పెట్టేటప్పుడు తన కంప్యూటర్లో ఉన్న ఫైల్నే చూపించి ఓకే కొట్టినారన్నమాట. ఆ సిస్టంలో ఆ ఫైల్ ఉన్నన్నాళ్లూ లింకు బ్రహ్మాండంగా తెరుచుకుంటాది, బెంగళూరులో ఉన్నాయన కంప్యూటర్లో ఆ డెస్క్‌టాప్ ఎక్కడినుంచి వస్తాది. లోగోల విషయంలో కూడా ఇదే కథ, పంపినోళ్లకి లోగో కనిపిస్తాది, అందుకున్నోళ్లకి ఎర్ర ఇంటూ గుర్తున్న ఖాళీ డబ్బా కనిపిస్తాది.

దీనికి అన్నదమ్ముడి లాంటిది లాగిన్ లింకు. ఫేస్‌బుక్ పేజీ లింకు సిగ్నేచర్లో పెట్టాలి, పేజీని మేనేజ్ చేసే పిల్లోడు తన అకౌంట్లో లాగిన్ అయి ఉండి పైన కనిపించే అడ్రసు కాపీ చేసినాడు, అది పేజీ నడిపేవాళ్లకి మాత్రమే తెరుచుకునే అడ్రసు. బయటోళ్లు నొక్కితే లాగిన్ అడుగుతాది, లేకపోతే పేజీ లేదంటాది. గూగుల్ డ్రైవ్‌లో రేట్ల పట్టిక పెట్టి లింకు ఇచ్చేవాళ్లదీ ఇదే పొరపాటు, డ్రైవ్‌లో కొత్త ఫైలు మామూలుగా యజమానికి తప్ప ఎవరికీ తెరుచుకోకుండా ఉంటాది, లింకు ఉన్నవాళ్లందరూ చూడొచ్చు అని మార్చకపోతే అవతలోళ్లకి యాక్సెస్ కావాలనే పేజీ వస్తాది, ఇక్కడ రిక్వెస్ట్ మెయిల్ వస్తాది, ఆ రిక్వెస్ట్ మెయిల్ ఎవరూ చూడరు. పైగా ఈ పట్టికలకి పర్మిషన్ ఇచ్చేటప్పుడు చూడ్డానికి మాత్రమే ఇచ్చినారా, మార్చడానికి కూడా ఇచ్చినారా అనేది కూడా చూసుకోవాలి, లేకపోతే కొనేవాడే రేటు తగ్గించేసుకుంటాడు.

రాయలసీమ ఊర్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది డీటీపీ సెంటర్ సిగ్నేచర్. కర్నూలు కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల గానీ, అనంతపురం క్లాక్ టవర్ దగ్గర గానీ, కడప ఏడు రోడ్ల దగ్గర గానీ విజిటింగ్ కార్డు వేయించుకునేటప్పుడు ఆ డిజైన్ జేపీజీ ఫైల్ కూడా పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని, అదే మెయిల్ కింద సిగ్నేచర్‌గా అంటిస్తారు. చూడ్డానికి బాగుంటాది, దేవుడి బొమ్మతో సహా ఉంటాది. కానీ అది ఫొటో. ఫొటోలో రాసున్న వెబ్‌సైటు పేరు లింకు కాదు, దాన్ని నొక్కలేరు, కాపీ కొట్టలేరు. కొంతమంది ఆ మొత్తం ఫొటోకి ఒకే లింకు పెడతారు, అప్పుడు ఫోన్ నంబరు మీద నొక్కినా వెబ్‌సైటుకే పోతాది, వాట్సాప్ గుర్తు మీద నొక్కినా వెబ్‌సైటుకే పోతాది. ఫొటో వద్దు, అక్షరాలే తెచ్చుకుందాం అనుకుంటే ఆ డీటీపీ ఫైల్లో తెలుగు అను ఫాంట్లలో ఉంటాది, అది అన్ని సిస్టంలూ అర్థం చేసుకునే యూనికోడ్ కాదు, మెయిల్లో పేస్ట్ చేస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా పడతాయి. కాబట్టి లోగో వరకు ఫొటో పెట్టుకుని మిగతా లైన్లన్నీ మెయిల్లోనే టైప్ చేసుకోవడం మేలు, ఎంత సాదాగా ఉన్నా సరే.

ఆ లోగో కూడా ఎక్కడ పెట్టినారు అనేది ముఖ్యమే. 2013 డిసెంబర్ నుంచి జీమెయిల్ మెయిల్లోని బొమ్మల్ని నేరుగా తీసుకోకుండా తన సొంత సర్వర్ల ద్వారా తెచ్చి చూపిస్తాంది. అంటే బొమ్మ ఇంటర్నెట్లో అందరికీ అందే చోట ఉండాలి, ఆఫీసు లోపలి సర్వర్లోనో, లాగిన్ కావాల్సిన చోటనో ఉంటే గూగుల్ సర్వర్‌కి అది అందదు, బొమ్మ పోతే దానికి కట్టిన లింకు కూడా పోయినట్టే, కనపడని దాన్ని ఎవరు నొక్కుతారు.

తెలుగులో టైప్ చేసేవాళ్లకి ఇంకో దొంగ ఉండాడు, వాడు కంటికి కనపడడు. సాఫ్ట్‌వేర్ అనో, వెబ్‌సైట్ అనో రాసేటప్పుడు పొల్లు పక్కన తర్వాతి అక్షరం వత్తుగా మారకుండా ఆపడానికి కీబోర్డులు ఒక కనిపించని అక్షరం వేస్తాయి, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. తెలుగు రాతలో అది కావాల్సిందే, తప్పేం కాదు. కానీ తెలుగు మాటకి ఆనుకుని ఉన్న వెబ్‌సైటు అడ్రసుని సెలెక్ట్ చేసి కాపీ కొట్టినప్పుడు అదొకటి వెనకాల అతుక్కుని వచ్చిందంటే అడ్రసు చూడ్డానికి అచ్చం సరిగ్గా ఉంటాది, పది సార్లు చూసినా తప్పు దొరకదు, సర్వర్ మాత్రం అట్లాంటి పేజీ లేదంటాది. దీనికి ఒకటే మందు, ఉన్నది మొత్తం చెరిపేసి ఇంగ్లీషు కీబోర్డులో మళ్లీ మొదటినుంచి టైప్ చేయడం. ఎడిట్ చేస్తే అది ఎక్కడో ఒకచోట మిగిలిపోతాది.

ఫైల్ పేర్లు తెలుగులో పెట్టడం కూడా ఇట్లాంటిదే. ధరల పట్టిక అని తెలుగులోనే పేరు పెట్టి వెబ్‌సైట్లో ఎక్కిస్తే పనిచేస్తాది, కాకపోతే లింకులో అది అట్లే పోదు. ఒక్కో తెలుగు అక్షరం లింకుల్లో వాడే యూటీఎఫ్-8 యూనికోడ్‌లో 3 బైట్లు, ఒక్కో బైటు లింకులో శాతం గుర్తు, ఇంకో రెండు అక్షరాలు కలిపి మూడుగా రాస్తారు, అంటే ఉత్త "క" అనే ఒక్క అక్షరమే 9 అక్షరాల పొడుగవుతాది, గుణింతం ఉంటే ఇంకో 9. చిన్న ఫైల్ పేరు కాస్తా బారెడు లింకు అయ్యి కూర్చుంటాది, ఆ బారెడు లింకు దారిలో ఎక్కడో తెగుతాది, దాని సంగతి తర్వాత. ఖాళీ ఉన్న పేర్లకి కూడా ఇదే, ఖాళీ ఉన్నచోట శాతం గుర్తు 20 అని పడాలి, పడకపోతే లింకు ఖాళీ దగ్గరే ఆగిపోతాది, "రేట్ లిస్ట్ 2025" అని ఫైల్ ఉంటే లింకు "రేట్" దాకానే నీలం రంగులో ఉంటాది. ఇంగ్లీషు పెద్దబడి చిన్నబడి, అంటే క్యాపిటల్ స్మాల్ అక్షరాలు కూడా చూసుకోవాలి, సైటు పేరు వరకు ఏ బడిలో రాసినా ఒకటే, మొదటి స్లాష్ తర్వాత వచ్చే పేరుకి మాత్రం చాలా సర్వర్లలో పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దది చేసేస్తాది, అంతటితో 404, అంటే ఆ పేజీ లేదని.

స్పెల్లింగుల గొడవ మన రాయలసీమ ఊర్లకి కొంచెం ఎక్కువే. కడపకి ఇంగ్లీషులో సీ-యూ-డీ-డీతో మొదలయ్యే పాత స్పెల్లింగ్ 2005లో పోయి కె-ఎ-డితో మొదలయ్యేది వచ్చింది, అయినా పాత కంపెనీల పేర్లలో, మెయిల్ ఐడీల్లో పాతది ఇంకా నడుస్తాంది. అనంతపురానికి టీ పక్కన హెచ్ ఉందా లేదా, చివర పూర్ అని ఆపాలా పురము అని సాగదీయాలా అనేది ఒక్కొక్కరిది ఒక్కో లెక్క, జిల్లా అధికారిక వెబ్‌సైటు అడ్రసులో హెచ్ ఉంది, పురము కూడా మొత్తం ఉంది, జనం మామూలుగా రాసేదాంట్లో రెండూ ఉండవు. ఊరి పేరు కలిపి డొమైన్, అంటే సైటు పేరు, కొనుక్కున్నవాళ్ల సిగ్నేచర్లో ఆ పేరుని ఎవరో చేత్తో టైప్ చేసినారంటే ఒక హెచ్ తేడాతో వేరేవాళ్ల సైటుకి పోవడం పెద్ద వింతేమీ కాదు. సందర్భం వచ్చింది కాబట్టి, సిగ్నేచర్ సరిచేయడానికి ఎట్లాగూ కూర్చున్నప్పుడు అడ్రసు లైను కూడా చూసుకుంటే మంచిది, 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల వేరే జిల్లా, ఇప్పటికీ నంద్యాల, కర్నూలు జిల్లా అని రాసున్న సిగ్నేచర్లు ఎన్నో.

రాసింది సరిగ్గానే ఉంది, నోట్‌ప్యాడ్‌లో పూర్తి అడ్రసు పడింది, అయినా అవతల పనిచేయట్లేదు అంటే దారిలో ఏమైందో చూడాలి. ఇక్కడ సంగతి కొంచెం లోతు. ఔట్‌లుక్ పాత డెస్క్‌టాప్ వెర్షన్‌లో ఒక సిగ్నేచర్ పెడితే అది ఒక్క సిగ్నేచర్ కాదు, మూడు. విండోస్‌లో యాప్‌డేటా ఫోల్డర్ లోపల రోమింగ్, దాని లోపల మైక్రోసాఫ్ట్, దాని లోపల సిగ్నేచర్స్ అనే ఫోల్డర్ తెరిస్తే ఒకే పేరుతో మూడు ఫైళ్లు కనిపిస్తాయి, ఒకటి రంగులూ లింకులూ పట్టే హెచ్‌టీఎంఎల్‌ది, ఒకటి రిచ్ టెక్స్ట్‌ది, ఒకటి ఉత్త టెక్స్ట్‌ది. మెయిల్ ఏ ఫార్మాట్లో పోతే ఆ ఫైల్ వాడతాది. ఉత్త టెక్స్ట్ ఫైల్లో దాక్కున్న అడ్రసులు అనే మాటే లేదు, "ఇక్కడ నొక్కండి" అని రాసి కింద లింకు పెట్టినారంటే ఉత్త టెక్స్ట్‌లో ఆ మాటని నొక్కలేరు. పైగా అవతలోళ్లు ఉత్త టెక్స్ట్‌లో మెయిల్ పంపితే ఔట్‌లుక్ రిప్లై కూడా ఉత్త టెక్స్ట్‌లోనే తయారు చేస్తాది. కొత్త మెయిల్స్‌లో లింకు బాగుంది, ఫలానా కస్టమర్‌కి రిప్లై ఇచ్చినప్పుడు మాత్రం పోతాంది అని తల బద్దలు కొట్టుకునే కేసులు చాలావరకు ఇవే. జీమెయిల్ ఫోన్ యాప్‌లో పెట్టుకునే మొబైల్ సిగ్నేచర్ కూడా ఉత్త టెక్స్టే, ఆఫీసులో కంప్యూటర్ నుంచి పంపితే ఒక రకం, బస్సులో కూర్చుని ఫోన్ నుంచి పంపితే ఇంకో రకం. అందుకే "ఇక్కడ నొక్కండి" లాంటి మాటలు సిగ్నేచర్లో పెట్టకపోవడమే నయం, సైటు అడ్రసు పూర్తిగా కనిపించేట్టు రాస్తే ఏ ఫార్మాట్లో పోయినా కనీసం చదివి టైప్ చేసుకునే వీలుంటాది.

పొడుగు లింకులు తెగడం కూడా ఈ దారిలోదే. మెయిల్ అనేది పాతకాలం ఏర్పాటు, ఒక లైనులో 78 అక్షరాలు దాటకపోతే మంచిదని దాని నియమాల్లోనే ఉంది, క్వోటెడ్ ప్రింటబుల్ అనే పద్ధతిలో పంపేటప్పుడు లైను 76 దగ్గర తెంపి చివర ఈక్వల్ గుర్తు పెడతారు, అవతల సాఫ్ట్‌వేర్ ఆ గుర్తు చూసి మళ్లీ అతికించుకుంటాది. అన్నీ సరిగ్గా జరిగితే ఎవరికీ ఏమీ తెలీదు. ఉత్త టెక్స్ట్ మెయిల్లో మధ్యలో ఎవరో లైను విరిచి పంపితే మాత్రం లింకు మొదటి లైను చివరిదాకానే నీలం, మిగతాది రెండో లైనులో నల్లగా అనాథలా పడి ఉంటాది. నాలుగైదు సార్లు రిప్లై, ఫార్వర్డ్ అయిన మెయిల్లో ప్రతి లైను ముందరా బాణం గుర్తులు చేరతాయి చూడండి, అవి చేరే కొద్దీ లైను పొడుగు పెరిగి ఇంకోచోట విరుగుతాది. సైటు అడ్రసు తర్వాత వాక్యం అయిపోయిందని చుక్క పెడితే, ఆ చుక్కని కొన్ని సాఫ్ట్‌వేర్లు లింకులో కలుపుకుంటాయి, కొన్ని కలుపుకోవు.

పెద్ద కంపెనీలకి మెయిల్ పోతే ఇంకోటి జరుగుతాది. అక్కడి సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ వచ్చిన మెయిల్లోని ప్రతి లింకునీ మార్చి తన అడ్రసు ముందర తగిలిస్తాది, మైక్రోసాఫ్ట్ వాళ్ల సేఫ్ లింక్స్ చేసేది అదే, నొక్కినప్పుడు ముందు వాళ్ల సర్వర్‌కి పోయి, చెక్ అయ్యి, అప్పుడు అసలు సైటుకి పోతాది. మంచి ఉద్దేశమే. కానీ వాళ్లు రిప్లై ఇచ్చినప్పుడు ఆ మారిన లింకులతోనే వెనక్కి వస్తాది, మన సిగ్నేచర్లో మన లింకే గుర్తుపట్టలేనంత పొడుగ్గా కనిపిస్తాది, మన సిగ్నేచర్ హ్యాక్ అయ్యిందని భయపడి ఫోన్లు చేసేవాళ్లు ఉండారు. హ్యాక్ కాదు. అయితే పైన కనిపించే అడ్రసు ఒకటి, కింద ఉన్న అడ్రసు ఇంకోటి అయితే ఈ సాఫ్ట్‌వేర్లకి అనుమానం వస్తాది, మోసగాళ్లు చేసే పని సరిగ్గా అదే కాబట్టి. ఉచితంగా సిగ్నేచర్ తయారు చేసిచ్చే వెబ్‌సైట్లు కొన్ని ఎవరు నొక్కినారో లెక్కపెట్టడానికి లింకుని తమ మీదుగా తిప్పుతాయి, బోర్డు ఒకటి రూటు ఒకటి అనే అనుమానం ఇక్కడ వస్తాది, ఆ సర్వీసు ఆగిపోయిన రోజు లింకులన్నీ ఒకేసారి పోతాయి. ఉచితంగా వచ్చింది కదా అని వాడుకునే ముందు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

అందుకున్నోళ్ల వైపు తప్పులు కూడా ఉంటాయి, లేకపోలేదు. ఏ మెయిల్లో ఏ లింకు నొక్కినా తెరుచుకోకపోతే సిగ్నేచర్‌తో పనిలేదు, వాళ్ల సిస్టంలో డిఫాల్ట్ బ్రౌజర్ సెట్టింగ్ చెడిపోయింది. మెయిల్ జంక్‌లో పడి ఉంటే ఔట్‌లుక్ లింకుల్ని కావాలనే ఆపేస్తాది, ఇన్‌బాక్స్‌కి మార్చుకుంటే పనిచేస్తాయి. మెయిల్ ఐడీ మీద నొక్కితే ఏమీ కావట్లేదు అంటే వాళ్ల కంప్యూటర్లో ఏ మెయిల్ యాప్ తెరవాలో ఎవరూ చెప్పలేదు, నెట్ సెంటర్ సిస్టంలలో ఇది రోజూ చూసేదే.

ఫోన్ నంబర్ల లింకులు విడిగా చెప్పుకోవాలి, వ్యాపారం చేసేవాళ్లకి వెబ్‌సైటు కన్నా ఇవే ముఖ్యం. వాట్సాప్ లింకు డబ్ల్యూఏ డాట్ ఎంఈ తర్వాత స్లాష్ పెట్టి నంబరు రాయాలి, ఆ నంబరు 91తో మొదలవ్వాలి, ముందర ప్లస్ ఉండకూడదు, సున్నా ఉండకూడదు, మధ్యలో గీతలు, ఖాళీలు, బ్రాకెట్లు ఉండకూడదు. ఉత్త పది అంకెలు రాస్తే నంబరు సరిగ్గా లేదంటాది, లేకపోతే మొదటి అంకెల్ని ఇంకేదో దేశం కోడ్ అనుకుంటాది. ల్యాండ్‌లైన్ లింకు అయితే ప్లస్ 91 పెట్టాలి, ఎస్టీడీ కోడ్‌లో ముందున్న సున్నా తీసేయాలి. కర్నూలు 08518, అనంతపురం 08554, కడప 08562, వీటిని లింకులో ప్లస్ 91 తర్వాత 8518, 8554, 8562 అని రాస్తారు. ప్లస్ 91 పెట్టి సున్నా కూడా ఉంచేస్తే ఫోన్ కలవదు, చూసేవాళ్లకి నంబరు కరెక్టుగానే కనిపిస్తాంది కాబట్టి ల్యాండ్‌లైన్ చెడిపోయిందనుకుంటారు.

ఇక లింకు సరిగ్గానే పోయింది, అవతల ఉండాల్సిందే లేదు అనే రకం. ఎర్రర్ మాటలు కొంచెం చదివితే తెలుస్తాది. 404 అంటే సైటు ఉంది, ఆ పేజీ లేదు. 403 అంటే పేజీ ఉంది గానీ నిన్ను రానివ్వను అని. అసలు సైటు దొరకట్లేదు అని వస్తే డొమైన్ పేరు తప్పు, లేకపోతే రెన్యూవల్ కట్టలేదు. కనెక్షన్ ప్రైవేట్ కాదు అని భయపెడితే చాలాసార్లు సైటు భద్రతా సర్టిఫికెట్ గడువు అయిపోయి ఉంటాది, ఉచితంగా దొరికే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు చాలావరకు 90 రోజులవి, తనంతట తాను రెన్యూ అయ్యేట్టు పెట్టకపోతే మూడు నెలలకోసారి ఇదే తంతు. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో తెరుచుకుని అది లేకుండా తెరుచుకోకపోయినా ఆశ్చర్యం లేదు, రెండిట్లో ఒకదానికే సెట్టింగ్ చేసి ఇంకోటి మర్చిపోయినారు.

డొమైన్ గడువు సంగతి మన ఊర్లలో ఎట్లుంటాదంటే, సైటు చేసిచ్చిన పిల్లోడు తన మెయిల్ ఐడీ మీదే డొమైన్ కొంటాడు, రెన్యూవల్ గుర్తుచేసే మెయిల్స్ అన్నీ వాడికే పోతాయి, వాడు ఈలోపు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిపోయి ఉంటాడు. గడువు అయిపోయిన డొమైన్ని కొన్నాళ్లకి ఎవరైనా కొనుక్కోవచ్చు, కొనుక్కుని బెట్టింగ్ యాడ్లు పెడతారు, సిగ్నేచర్లో శ్రీ వెంకటేశ్వర అని మొదలయ్యే షాపు లింకు నొక్కితే పేకాట తెరుచుకుంటాది. డొమైన్ ఎవరి పేరు మీద ఉంది, ఎవరి మెయిల్ ఐడీ మీద ఉంది అనేది షాపు యజమానికి తెలిసి ఉండాలి, సైటు ఎంత బాగా చేయించుకున్నారనే దానికన్నా ఇది ముఖ్యం.

తప్పు ఎవరిదీ కాకుండా పోయిన లింకులు కూడా ఉండాయి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఒక పేజీ వెబ్‌సైటు ఇచ్చేవాళ్లు, చివర బిజినెస్ డాట్ సైట్ అని ఉండేది, చిన్న షాపులు, క్లినిక్కులు, ట్యూషన్ సెంటర్లు అదే తమ వెబ్‌సైటని సిగ్నేచర్లో పెట్టుకునేవి. 2024 మార్చిలో గూగుల్ ఆ సైట్లు ఆపేసింది, నొక్కితే ప్రొఫైల్‌కి పోయే ఏర్పాటు 2024 జూన్ 10 దాకా ఉంచి తర్వాత అదీ తీసేసింది. గూగుల్ పొట్టి లింకుల సర్వీసు గూ డాట్ జీఎల్‌లో కొత్తవి చేయడం 2019 మార్చి 30తోనే ఆగింది, పాతవి 2025 ఆగస్టు 25 తర్వాత పనిచేయవని ముందు చెప్పి, చివర్లో మాట మార్చి వాడకంలో ఉన్నవి ఉంచుతామని, వాడకం లేనివి ఆపేస్తామని చెప్పింది. మ్యాప్స్ యాప్‌లో షేర్ కొడితే వచ్చే లింకులకి ఆ గొడవ లేదు. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2నే మూతపడింది, దాని ఎర్ర గుర్తు ఇప్పటికీ సిగ్నేచర్లలో మెరుస్తానే ఉంటాది.

ఇవన్నీ ఎట్ల పరీక్ష చేయాలంటే, పంపిన సిస్టంలో మాత్రం కాదు. సెంట్ ఫోల్డర్ తెరిచి నొక్కడం దండగ, అక్కడ ఫైళ్లు ఉండాయి, లాగిన్లు ఉండాయి, బ్రౌజర్ దాచిపెట్టుకున్న పాత పేజీలు ఉండాయి. ఒక జీమెయిల్‌కి, ఒక ఔట్‌లుక్‌కి, ఒక ఫోన్‌కి టెస్ట్ మెయిల్ పంపి, కంప్యూటర్లో అయితే లాగిన్లు, పాత పేజీలు గుర్తుపెట్టుకోని ఇన్‌కాగ్నిటో విండోలో లింకు పేస్ట్ చేసి, ఫోన్లో అయితే ఆఫీసు వైఫై ఆపి మొబైల్ డేటా మీద నొక్కి చూడాలి. ఆ ఫోన్ ఆఫీసు అకౌంట్లేవీ లేని ఫోన్ అయితే ఇంకా మంచిది, ఇంట్లో వాళ్లదైనా పర్లేదు. మొత్తం కలిపి ఉగ్గాని పార్సిల్ తెచ్చుకున్నంత సేపు కూడా పట్టదు. సరిచేసినాక జీమెయిల్ సెట్టింగ్స్‌లో అట్టడుగున ఉన్న సేవ్ చేంజెస్ నొక్కడం మర్చిపోయి, మార్చినా మారలేదు అనేవాళ్లు తక్కువేం లేరు.

సిగ్నేచర్ సరిచేయడం రేపటినుంచి పోయే మెయిల్స్‌కి మాత్రమే. నిన్నటిదాకా పోయిన వందల మెయిల్స్ అవతలోళ్ల ఇన్‌బాక్సుల్లో పాత లింకుతోనే ఉంటాయి, రెండేండ్ల కిందటి కొటేషన్ వెతికి తీసి నొక్కే కస్టమర్‌కి కొత్త సిగ్నేచర్ కనపడదు. అందుకే వెబ్‌సైటు పేజీ మార్చినప్పుడు పాత అడ్రసు నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ పెట్టమని సైటు చేసేవాళ్లకి చెప్పాలి, హోస్టింగ్ సీప్యానెల్‌లో రీడైరెక్ట్స్ అని దానికి ఆప్షనే ఉంటాది, ఐదు నిమిషాల పని. డొమైన్ పేరే మార్చినా పాతది వెంటనే వదిలేయకుండా ఇంకో రెండు మూడేండ్లు రెన్యూవల్ కడుతూ కొత్తదానికి తిప్పి ఉంచితే పాత మెయిల్స్ అన్నీ బతికే ఉంటాయి.

ఫోన్ నంబరుకి ఆ సౌకర్యం లేదు. వాట్సాప్‌లో నంబరు మార్చుకున్నా పాత నంబరుతో ఉన్న లింకు కొత్తదానికి తిరగదు. మన దేశంలో ఆపేసిన మొబైల్ నంబరుని 90 రోజులు గడిచాక ఇంకొకరికి ఇవ్వొచ్చు. అప్పుడు ఆ లింకు చెడిపోయినట్టు కూడా కనపడదు, నొక్కితే చక్కగా చాట్ తెరుచుకుంటాది, "రెండు లోడ్లు నాపరాళ్లు కావాలి, రేటెంత" అని మెసేజ్ పోతాది, ఆ నంబరు కొత్తగా తీసుకున్న ఎవరో కాలేజీ పిల్లోడు అది చూసి "ఎవరన్నా మీరు" అని రిప్లై ఇస్తాడు.